నారుమడి ఒడ్డు తెంపిన మధ్యాహ్నం

వాడిపోయిన దాన్ని చచ్చిపోయింది అనేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ పడదు. కూర అయినా సరే, మొక్క అయినా సరే, మనిషి అయినా సరే. మొన్న మా మనవరాలి మీద గయ్యిమన్నది కూడా అందుకే. పాపం, అందులో దాని తప్పేమీ లేదు.

అది వంటింటి గట్టు మీద రెండు గ్లాసులు పెట్టింది. ఒకదాంట్లో మంచినీళ్ళు, రెండోదాంట్లో ఉప్పు కలిపిన నీళ్ళు. రెండింట్లోనూ ఆలుగడ్డ ముక్కలు వేసింది. బళ్ళో చేసుకు రమ్మన్నారట. పొద్దున లేచి చూస్తే మంచినీళ్ళలో ముక్క బిర్రుగా ఉంది, వంచితే విరిగేట్టు. ఉప్పునీళ్ళలో ముక్కను పైకెత్తితే వేళ్ళ మీద నుంచి కిందికి వేలాడింది.

"ఇది పోయింది నాయనమ్మా" అని చెత్తబుట్ట వైపు నడిచింది.

"పోయిందని నీకెవరు జెప్పిన్రు? ఇటియ్యి!" అని అరిచాను. పిల్ల ఉలిక్కిపడింది. నేను ఆ ముక్కను కడిగి, ఇంకో గ్లాసులో మంచినీళ్ళు పోసి అందులో వేశాను. "సాయంత్రం దాకా ఆగు. అప్పుడు మాట్లాడు" అన్నాను.

అది భయం తీరాక నాకు పాఠం చెప్పింది. మొక్క ఒళ్ళంతా కంటికి కనబడని చిన్న చిన్న గదులట. ఒక్కో గదికీ గోడ, లోపల నీళ్ళతో నిండిన సంచి. సంచి నిండుగా ఉంటే మొక్క నిలబడుతుంది. చుట్టూ ఉన్న నీళ్ళలో ఉప్పు ఎక్కువైతే లోపలి నీళ్ళు బయటికి వెళ్ళిపోతాయి, సంచి ముడుచుకుపోతుంది. గోడ మాత్రం అట్లాగే ఉంటుంది. దానికి ద్రవాభిసరణ అని పేరట. నోరు తిరగడానికి నాకు కాసేపు పట్టింది కానీ, విషయం కొత్తది కాదు. ఆ గ్లాసు ముందు నిలబడి ఉంటే నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఎప్పటిదో చిన్నప్పటి కోపం, ఇంకా చల్లారలేదు.

మా ఊరు పేరు ఎందుకులెండి. సూర్యాపేట పోవాలన్నా మిర్యాలగూడ పోవాలన్నా మాకు ఒకటే బస్సు, అదీ వస్తే వచ్చినట్టు. సాగర్ కాలువ మా దిక్కుకు వచ్చేసరికి ఆఖరి కొస. పై ఊళ్ళవాళ్ళు పారించుకోగా మిగిలింది మాకు. అందుకని మా ఊళ్ళో వరి నార్లు బావుల కిందే పోసేవాళ్ళు. కాలువను నమ్ముకుని ఎవరూ నారు పోసేవాళ్ళు కాదు.

మేం గొర్లు కాసేవాళ్ళం. ఇల్లంతా గొర్రె వాసన, గొంగళ్ళకూ అదే, మా జుట్టుకూ అదే. వాన పడ్డ రోజు తడిసిన గొంగడి వాసన ఇంకా ఎక్కువ. బళ్ళో పిల్లలు నన్ను చూసి ముక్కు మూసుకునేవాళ్ళు. నేను ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చునేదాన్ని. ఆ గుణం నాకు నాయనమ్మ నుంచి వచ్చింది.

నాయనమ్మ మనిషి పొట్టి, గొంతు మాత్రం ఊరంత. ఆమె వాకిట్లో నిలబడి పిలిస్తే మంద దగ్గరి కుక్కలు కూడా లేచి నిలబడేవి. పొద్దున్నే ఆకూవక్కా దవడన పెట్టిందంటే ఇక ఎవరితోనో ఒకరితో పంచాయితీ లేకుండా ఆ రోజు గడిచేది కాదు. మా తాత దీనికి పూర్తిగా వేరు. ఎవరేమన్నా "సరే తియ్యి" అనేవాడు. గొర్రెలతో కూడా అట్లాగే మాట్లాడేవాడు.

ఎండాకాలం వస్తే మా ఇంట్లో మామిడికాయ తొక్కు పెట్టేవాళ్ళు. కాయలు కొట్టి, దొడ్డుప్పు కలిపి, జాడీలో వేసి మూతికి గుడ్డ కట్టేది నాయనమ్మ. ఆ జాడీ దగ్గరికి మమ్మల్ని రానిచ్చేది కాదు. మమ్మల్ని అంటే నన్నూ, పటేలు చిన్నబిడ్డనూ. ఊళ్ళో పెద్ద భూమి పటేలుదే. వాళ్ళ ఇంట్లో జాడీలన్నీ తాళం వేసిన అర్రలో ఉండేవి, అందుకని ఆ పిల్ల వెనక గోడ దూకి మా ఇంటికి వచ్చేది. వాళ్ళింటి బెల్లం అది తెచ్చేది, మా ఇంటి ముక్కలు నేను దొంగిలించేదాన్ని. ఇద్దరం గడ్డివాము చాటున కూర్చుని బెల్లమూ ఉప్పు ముక్కా కలిపి చప్పరించేవాళ్ళం. పళ్ళు పులిసిపోయి, నాలుక పొక్కిపోయేది. అయినా మర్నాడు మళ్ళీ అదే పని.

ఒకరోజు దొరికిపోయాం. నాయనమ్మ ఇద్దరి చెవులూ పట్టుకుని జాడీ దగ్గరికి ఈడ్చుకెళ్ళింది. మూత తీసి చూపించింది. ముక్కలు సగం మునిగేదాకా నీళ్ళు ఊరి ఉన్నాయి.

"గీ నీళ్ళు ఎవరు పోసిన్రు? మీరు పోసిన్రా?"

"మేం పోయలే" అన్నాం ఏడుస్తూ.

"నేను గూడ పోయలే. ఒక్క సుక్క పోయలే. అవి ముక్కలల్ల ఉన్న నీళ్ళే. ఉప్పు గుంజింది. మీరు పై ముక్క తీసినప్పుడల్ల కింది ఊట బయటపడ్తది, నాకు ఎరుకైతది. దొంగ పోరిల్లారా!"

దొంగతనం ఎట్లా పట్టుకుందో చెప్పడానికి అన్న మాటలవి. అవి ఎందుకు గుర్తుండిపోయాయో కొద్ది రోజుల్లోనే తెలిసింది.

యాసంగి కోతలు అయ్యాక పొలాలు బోసిగా పడి ఉండేవి. అప్పుడు మా రోజులు. మందను రాత్రుళ్ళు పొలంలో తడకలు కట్టి నిలబెడితే, తెల్లారేసరికి ఆ జాగా అంతా పెంటికలూ ఉచ్చా పడి ఎరువవుతుంది. మర్నాడు తడకలు పక్కకు జరుపుతారు. అట్లా పొలమంతా తిరుగుతుంది మంద. బదులుగా రైతులు జొన్నలో వడ్లో కొలిచేవాళ్ళు, పగటిపూట కోత మిగిల్చిన కొయ్యకాళ్ళలో మేపుకోనిచ్చేవాళ్ళు. ఆ కాలంలో ఎంతటివాళ్ళయినా మా ఇంటి ముందుకు వచ్చి "ఈసారి ముందు మాకు కట్టు" అని అడగాల్సిందే. మిగతా ఏడాదంతా మేం వాళ్ళ వాకిట్లో నిలబడేవాళ్ళం, ఆ కొద్ది రోజులు మాత్రం వాళ్ళు మా వాకిట్లో.

మందను ఒకేచోట ఎక్కువ రోజులు ఉంచకూడదని నాయనమ్మ పట్టు. మంద నిలిచిన చోట గడ్డి ముందు పసుపు పచ్చగా మాడుతుంది, వాన పడ్డాక ఎక్కడా లేనంత నల్లగా లేస్తుంది. అది మా వాళ్ళందరికీ తెలిసిన సంగతే. నాయనమ్మ దాన్ని 'మంద వేడి' అనేది.

ఆ ఏడు పటేలుకు ఆశ పుట్టింది. బావి పక్కన నారుమడి ఆయనది. చిన్న మడి. అందులోనే మందను నిలపమన్నాడు. ఒక రాత్రి అయ్యాక ఇంకొక రాత్రి అన్నాడు, అదయ్యాక మళ్ళీ ఇంకొకటి. నారు బలంగా వస్తే పంట బలంగా వస్తుందని ఆయన లెక్క. తాత ప్రతిసారీ "సరే తియ్యి" అన్నాడు. నాయనమ్మ పొలానికి పోయి పటేలు ముందే గొడవ పెట్టుకుంది.

"ఇగ సాలు పటేలా. మడి వేడెక్కుతది. రేపు నారు మాడితే నన్ను అనొద్దు."

"ఎరువు ఎక్కువైతే ఎవనికన్న సేదా? నీకెందుకే? నీ గింజలు నీకు కొలుస్త కద" అన్నాడు పటేలు.

అంతటితో ఆగలేదు. మొలక వడ్లు వేశాక మిర్యాలగూడ నుంచి తెచ్చిన తెల్లమందు, అదే యూరియా, బస్తా విప్పి దోసిళ్ళతో చల్లాడు. ఊరంతా చూసింది. తర్వాత ఆ మాట ఊళ్ళో ఒక్కరూ ఎత్తలేదు.

నారు మొదట బాగానే లేచింది. వేలెడంత పొడవు, పచ్చగా, చూడ ముచ్చటగా ఉంది. వాన మాత్రం రాలేదు. మబ్బులు వచ్చి చూసి పోతున్నాయి. బావిలో నీళ్ళు రోజురోజుకీ దిగుతున్నాయి. పటేలు పొదుపుగా మడి అడుగున నిలిచేటంత వదిలి మోటరు కట్టేయించేవాడు. వదిలిన నీళ్ళు ఎండకు ఆవిరైపోయేవి, ఉచ్చలోదీ తెల్లమందులోదీ ఉప్పు మాత్రం మడిలోనే మిగిలేది. ఈ మాట ఇప్పుడు మనవరాలు చెబితే తెలిసింది. అప్పుడు మాకు కనబడింది ఒకటే. ముందు ఆకు కొసలు ఎర్రబడ్డాయి. తర్వాత ఆకులు చుట్టుకుపోయి సూదుల్లాగా అయ్యాయి. ఆ తర్వాత నారంతా తలలు వాల్చేసింది. మడిలో కాలు పెడితే పాదం మునిగేటన్ని నీళ్ళున్నాయి. అంత నీళ్ళలో నిలబడి నారు దాహంతో వాడిపోయింది.

ఒక పొద్దున మడి దగ్గర జనం పోగయ్యారు. తాతను పిలిపించారు. నాయనమ్మ పిలవకుండానే వచ్చింది, ఆమె కొంగు పట్టుకుని నేను. పటేలు చిన్నబిడ్డ ఒడ్డు మీద అప్పటికే నిలబడి ఉంది.

"నీ గొర్లు ఉచ్చబోసి నా నారును సంపినయి" అన్నాడు పటేలు తాతతో. "ఇగ వాన పడ్డా నాటు వేసెటందుకు నారేది? రేపు దీన్ని దున్నిపిస్త. ఇంకో మాట గూడ ఇను. ఈ ఊళ్ళె ఏ పొలంల నీ మంద కాలు పెట్టొద్దు. పెట్టనిచ్చినోనితోని నేను మాట్లాడ."

తాత తలపాగా తీసి చేతుల్లో పట్టుకున్నాడు. పటేలు వద్దన్నాక మందను రానిచ్చే రైతు మా ఊళ్ళో లేడు. ఎండాకాలం పొలాలు లేకపోతే మందకు మేత లేదు, మాకు గింజలు లేవు. గొర్లను అమ్ముకోవాలి, లేదా ఊరు విడిచిపెట్టాలి. అది నాకు కూడా అర్థమయింది.

నాయనమ్మ చీర పైకి దోపుకుని మడిలోకి దిగింది. ఒక మొలకను పీకి వేరు చూసింది. "వేరు తెల్లగనే ఉన్నది. సావలే" అంది. తర్వాత వంగి ఆ మడి నీళ్ళలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. జనమంతా ఛీ అన్నారు.

"ఉప్పగున్నది. నువ్వు గూడ సప్పరించి సూడు పటేలా."

పటేలు మొహం తిప్పుకున్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"జాడీల ముక్కలకు ఉప్పేస్తే ఏమైతది? ముక్కలల్ల నీళ్ళు బయటికి వస్తయి. దీనికి గూడ గదే అయింది. ఈ ఉప్పు నీళ్ళు తీసేసి మంచినీళ్ళు పెట్టాలె. పెట్టి మళ్ళ తీసెయ్యాలె. కడగాలె దీన్ని."

"బావిల ఉన్నయే గా కాసిన్ని నీళ్ళు. అవి గూడ పారబోస్తనంటవా? నీకు పిచ్చి లేసిందే ముసల్దానా?" అని పటేలు అక్కడి నుంచి వెళ్ళిపోయాడు. ఆ పూట ఆయనకు మిర్యాలగూడలో పనుంది, బస్సు వేళయింది.

ఇంటికొచ్చాక నాయనమ్మ అన్నం ముట్టలేదు. జొన్న గటక గిన్నె ముందు పెట్టుకుని, సల్ల పోసుకుని, కలుపుతూనే కూర్చుంది. ఆమెకు పూర్తి నమ్మకం లేదని నేను ఇప్పుడు అనుకుంటున్నాను. ఉంటే అన్నిసార్లు కలిపేది కాదు. చివరికి గిన్నె పక్కకు నెట్టి పార భుజాన వేసుకుంది. ఒక చేతిలో నిమ్మకాయలూ ఎండుమిరపకాయలూ కూడా తీసుకుంది. అవి దేనికని అడిగితే దిష్టికి అంది. మడి నాలుగు మూలలా కట్టింది కూడా. ఏది పని చేస్తుందో ఎవరికి తెలుసు, అన్నీ చేయాల్సిందే అన్నట్టుండేది ఆమె వరస.

ఎండ మండిపోతోంది. ఊళ్ళో వాళ్ళంతా తిని పడుకున్న వేళ. నా వెనకాలే పటేలు బిడ్డ కూడా వచ్చింది, బెల్లం ముక్క చప్పరిస్తూ. నాయనమ్మ పల్లం వైపు ఒడ్డు మీద నిలబడి పార ఎత్తి ఒక్క వేటు వేసింది. మట్టి ఊడి పడింది. ఇంకో వేటు వేసింది. గండి పడి నీళ్ళు దూకాయి. చాయ్ రంగు నీళ్ళు, పైన నురగ, గొర్రె ఉచ్చ వాసన గుప్పున కొట్టింది. పటేలు బిడ్డ ముక్కు మూసుకుంది. నేను మూసుకోలేదు.

బావి దగ్గర మోటరు చూసుకునే మనిషి పరుగెత్తుకొచ్చాడు. "ఏందిదమ్మా! పటేలు నన్ను సంపుతడు!"

"సంపితె నన్ను సంపుతడు, నిన్నెందుకు సంపుతడు? కరెంటున్నదా? మోటరెయ్యి."

"నేనెయ్య. నేనేం సూడలే, నాకేం ఎరుక లేదు" అని అతను తుమ్మచెట్టు కిందికి పోయి అటు తిరిగి కూర్చున్నాడు.

మడి ఖాళీ అయ్యాక నాయనమ్మ గండి పూడ్చి మోటరు దగ్గరికి పోయింది. జన్మలో ఆమె మోటరు ముట్టుకోలేదు. డబ్బా ముందు కాసేపు నిలబడి చూసింది. ఒక ఎండుపుల్ల తెచ్చి, దూరంగా నిలబడి, కళ్ళు సగం మూసుకుని పచ్చ బొత్తాన్ని పొడిచింది. మోటరు గుర్రుమంది. పైపులోంచి నీళ్ళు వచ్చి మడి ఎగువ మూలన పడ్డాయి. మడి నిండాక మోటరు ఆపి మళ్ళీ గండి తెంపింది. ఈసారి నీళ్ళు ఎరుపు తగ్గి వచ్చాయి. గండి పూడ్చి మళ్ళీ పెట్టింది. గండి పూడ్చడానికి మేమిద్దరం మట్టిగడ్డలు మోసి ఇచ్చాం. పటేలు బిడ్డ పరికిణీ నిండా బురద. మూడోసారి పెడుతుంటే పైపు దగ్గి, గాలి కక్కి, ఆగిపోయింది. బావి అడుగు కనబడింది. నాయనమ్మ బావిలోకి తొంగి చూసి ఒడ్డు మీద కూలబడింది. ఇక ఏది జరిగినా చేయడానికి ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు.

మేం మడి చుట్టూ తిరుగుతున్నాం. పొద్దు వాలుతోంది. ఎగువ మూలన, పైపు నీళ్ళు ముందుగా పడ్డ చోట, నారు తేడాగా కనబడింది. దగ్గరికి పోయాను. పొద్దున సూదుల్లాగా చుట్టుకున్న ఆకులు విచ్చుకుని ఉన్నాయి. కొసలు ఎర్రగానే ఉన్నాయి, కింది ఆకు మాత్రం నిలబడింది. అరచెయ్యి పైన పెట్టి మెల్లగా అదిమాను. పొద్దున పెడితే చేతి కింద తడిగుడ్డలాగా పడుకున్న నారు ఇప్పుడు అరచేతికి గుచ్చుకుంది. "ఇటు రావే!" అని పటేలు బిడ్డను పిలిచాను. అది కూడా అరచెయ్యి పెట్టింది. "గుచ్చుకుంటున్నదే!" అని కిచకిచ నవ్వింది. ఇద్దరం మళ్ళీ మళ్ళీ పెట్టి చూసుకున్నాం.

అప్పుడే పటేలు వచ్చాడు. ఎవరు చెప్పారో, బస్టాండు నుంచి నేరుగా వచ్చాడు. తెగిన ఒడ్డు చూశాడు, బావిలోకి చూశాడు. ఆయన నోట్లోంచి వచ్చిన తిట్లు ఇక్కడ రాయలేను. నాయనమ్మ లేచి నిలబడింది.

"మూలకు పొయ్యి సూడు పటేలా. లేస్తున్నది."

"ఏడ లేస్తున్నదే? ఉన్న నీళ్ళు గూడ తోడిపోస్తివి!"

ఆయన చూడలేదు. అప్పటికే నల్లటి మబ్బు కమ్మి మడి అంతా మసకగా ఉంది. నాయనమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు జెప్పవే, ఏం సూసినవో."

"లేసింది పటేలా. చేతికి గుచ్చుకున్నది" అన్నాను.

"గొర్లోళ్ళ పిల్ల గొర్లోళ్ళ మాటే సెప్తది" అని తన బిడ్డ వైపు తిరిగాడు. "నువ్వు సూసినవా?"

ఆ పిల్ల ఆయన మొహం చూసింది. తర్వాత తన పరికిణీకి అంటిన బురద చూసుకుంది.

"నేను సూడలే నాయినా" అంది.

మేం ఇల్లు చేరకముందే వాన దంచి కొట్టింది. తెల్లవార్లూ పడింది. మర్నాటికి మడి లేచి నిలబడింది. పల్లం వైపు ఒక చాలు మాత్రం మాడిపోయి చచ్చింది, మిగతాది నాటుకు సరిపోయింది. ఊరంతా వాన దేవుడికి దండం పెట్టింది. పటేలు అమ్మవారికి కొబ్బరికాయ కొట్టాడు. ఊళ్ళో కొందరు నిమ్మకాయల మహిమ అన్నారు. నాయనమ్మ పేరు ఎత్తినవాడు ఒక్కడు లేడు.

ఆ పైన పటేలు తాతకు కబురు పంపాడు. "పోనీలే, ఆడిమనిషి, ఎరుక లేక జేసింది. మాఫ్ జేసిన. మందను రానిస్త" అని.

మందను రానివ్వనన్న మాట కన్నా ఆ మాట ఎక్కువ మంట పెట్టింది నాయనమ్మకు. "మాఫా? నేనేం తప్పు జేసిన్నని మాఫ్ జేస్తడు?" అని వాకిట్లో నిలబడి పటేలు ఇంటిదాకా వినబడేటట్టు అరిచింది. తర్వాతి ఎండాకాలం పటేలు మనిషి వచ్చి మంద కట్టమని అడిగితే కట్టనంది. తాత బతిమాలాడు. ఆమె వినలేదు. ఆ ఏడు మంద తుంగతుర్తి దిక్కు పోయింది, వెనకాల మేమంతా. ఆ ఎండలో, కొత్త ఊళ్ళలో, కొత్త నీళ్ళు తాగి పడ్డ పాట్లు మామూలువి కావు. తాత ఆమెతో చాలాకాలం సరిగా మాట్లాడలేదు. అయినా తొందరపడ్డానేమో అని ఆమె ఏనాడూ అనలేదు. చివరి రోజుల్లో మంచం మీద కూడా, "లేసింది కదనే?" అని నన్ను అడిగేది. "లేసింది నాయినమ్మా" అంటే కళ్ళు మూసుకునేది.

పటేలు బిడ్డతో నేను మళ్ళీ మాట్లాడలేదు. అది వెనక గోడ దగ్గరికి వచ్చి కొన్నాళ్ళు నిలబడింది. నేను పోలేదు. దాన్ని కోదాడ ఇచ్చారు, నన్ను మిర్యాలగూడ ఇచ్చారు.

ఇప్పుడు ఆ పొలాల్లో మంద నిలిపేవాళ్ళు లేరు. కాలువ నీళ్ళు కొసదాకా వచ్చి, కోత అవగానే దున్ని, ఒక పంట వెనక ఇంకో పంట వేస్తున్నారు. మిషన్లు కోస్తున్నాయి, లారీలు మిల్లులకు మోస్తున్నాయి. మా తడకలు ఎప్పుడో పొయ్యిలోకి పోయాయి. తడిసిన గొంగడి వాసన కావాలంటే నేను కళ్ళు మూసుకుని తెచ్చుకోవాల్సిందే. మా వీధిలో ఊక వాసన తప్ప ఇంకేమీ రాదు.

మనవరాలి గ్లాసులోని ముక్క ఆ సాయంత్రానికి బిర్రుగా లేచింది. పిల్ల చప్పట్లు కొట్టింది. నేను దాన్ని వంచి చూశాను, వంగలేదు. ఇక ఆ రాత్రి నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఆ వారంలోనే సూర్యాపేటలో ఒక పెళ్ళికి పోయాం. మా అబ్బాయి స్నేహితుడి పెళ్ళి. పెళ్ళికూతురు మా ఊరి పటేలు ముని మనవరాలని హాలుకు పోయాకే తెలిసింది. భోజనాల దగ్గర తెల్లజుట్టు మనిషి ఒకామె నా ఎదురుగా వచ్చి కూర్చుంది. నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"ఏమే, నువ్వేనా?"

గొంతు మారింది, మాట కోదాడ వైపు తిరిగింది, కళ్ళు అవే. నేను తల ఊపాను. ఆమె సంబరంగా పక్కనున్న తన అన్న కొడుకులకూ వాళ్ళ పిల్లలకూ నన్ను చూపించింది.

"వీళ్ళ నాయనమ్మేరా, మన నారుమడి ఒడ్డు తెంపేసింది! బావి మొత్తం తోడేసింది. అమ్మవారి దయ, ఆ సాయంత్రమే వాన పడింది కాబట్టి మడి దక్కింది. లేకపోతే ఆ ఏడు మనకు తిండి లేనట్టే."

అందరూ నవ్వారు. నా విస్తట్లో మామిడికాయ తొక్కు ఉంది. నేను నవ్వలేదు.

"వానకు ముందే లేసింది" అన్నాను. "నువ్వు గూడ అరచెయ్యి పెట్టినవ్. గుచ్చుకుంటున్నదే అని నవ్వినవ్."

ఆమె చేతిలో ముద్ద ఆగిపోయింది. పిల్లలు వాళ్ళ మాటల్లో వాళ్ళు పడ్డారు, ఎవరూ మమ్మల్ని పట్టించుకోవడం లేదు. ఆమె విస్తరిలో అన్నాన్ని అటూ ఇటూ నెట్టింది.

"చూశానులే" అంది చాలా మెల్లగా. "గుచ్చుకుంది. మా నాన్న మొహం చూస్తే నోరు పెగల్లేదు. ఆ తర్వాత అందరూ వాన అంటుంటే నేనూ వానే అన్నాను. ఇన్నేళ్ళూ నోటికి అదే వస్తోంది."

పెద్దవయసు వచ్చింది, పోనీలే అనుకోవచ్చు. పెళ్ళి భోజనం దగ్గర పాత పంచాయితీ ఎందుకని చేతులు కడుక్కుని లేచిపోవచ్చు. నేను అట్లాంటిదాన్ని కాదు.

"నాకెందుకు జెప్తున్నవ్? నాకెర్కే" అన్నాను. "గట్టిగ జెప్పు. ఇందాక నవ్విన్రు సూడు, గా పిల్లలకు ఇనబడాలె."

ఆమె నా కళ్ళలోకి చూసింది. నేను చూపు దించలేదు. ఆమె ఎడమచేత్తో బల్ల మీద తట్టింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలు తిప్పారు.

"ఒరేయ్, ఇటు చూడండి. ఇందాక నేను చెప్పింది తప్పు. మన మడిని బతికించింది వాన కాదురా, వీళ్ళ నాయనమ్మ. వాన రాకముందే నారు లేచింది. నేను చూశాను" అని, ముడతలు పడ్డ తన ఎడమ అరచేతిని ఎత్తి అందరికీ చూపించింది. "ఇదిగో, ఇక్కడ గుచ్చుకుంది."